ఒక్క జాతీయ టైటిలూ లేని కోచ్‌కి నేను మొదటి స్థానం ఎందుకిస్తాను

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ చూసేవాళ్ళ మధ్య కూర్చుంటే ఈ చర్చ ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరుతుంది: అందరిలోకీ గొప్ప కోచ్ ఎవరు? మా అక్కావాళ్ళు అలబామాలో ఉంటారు. బావ లెక్కలో ఇందులో చర్చించడానికి ఏమీ లేదు. నిక్ సేబన్‌కి ఏడు జాతీయ టైటిళ్ళు, ఒకటి ఎల్‌ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ), ఆరు అలబామాలో. "ఏడు టైటిళ్ళ మనిషి ఎదురుగా ఉంటే నీ నోటికి వేరే పేరు ఎలా వస్తుందిరా?" అంటాడు. నేను బిల్ స్నైడర్ అంటాను. కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీకి రెండు విడతల్లో 27 సీజన్లు కోచ్‌గా చేశాడు. 215 గెలుపులు, 117 ఓటములు, ఒక డ్రా. జాతీయ టైటిల్ ఒక్కటి కూడా లేదు. సొంత కాన్ఫరెన్స్‌లో, అంటే ఏటా తమలో తాము ఆడుకునే కొన్ని కాలేజీల గుంపులో, గెలిచిన టైటిళ్ళు కూడా రెండే. బావ నవ్వేస్తాడు. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డొస్తాడు కాబట్టి, చెప్పదలుచుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం ముందు కొంచెం. ఇది మనం ఫుట్‌బాల్ అనుకునేది కాదు. హెల్మెట్లు పెట్టుకుని, కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. ఇందులో కాలేజీ కోచ్ చేతిలో ఉండే పని చాలా పెద్దది. ఏ ఊళ్ళో ఏ హైస్కూల్ కుర్రాడు బాగా ఆడుతున్నాడో కనిపెట్టి, ఇంటికెళ్ళి అమ్మానాన్నలతో మాట్లాడి, స్కాలర్‌షిప్ ఇచ్చి తెచ్చుకునేది ఆయనే. వాళ్ళకి ఆట నేర్పేది, క్లాసులకి వెళ్తున్నారో లేదో చూసేది, ఆట రోజున ఏ ఎత్తు వెయ్యాలో తేల్చేది కూడా ఆయనే. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్ళలో అందరికంటే ఎక్కువ జీతం గవర్నర్‌ది కాదు, ఇలాంటి కోచ్‌దే. రిక్రూటింగ్ వెబ్‌సైట్లు హైస్కూల్ పిల్లలకి స్టార్లు వేస్తాయి. ఐదు స్టార్ల కుర్రాళ్ళు దేశం మొత్తం మీద ఏడాదికి కొద్దిమందే ఉంటారు. వాళ్ళలో ఎక్కువమంది వెళ్ళేది అలబామా, ఒహాయో స్టేట్, జార్జియా లాంటి చోట్లకే. కాన్సాస్‌కి ఎవరూ రారు.

కాన్సాస్ స్టేట్ ఉండేది మన్‌హటన్‌లో. న్యూయార్క్‌లోది కాదు. కాన్సాస్ ఈశాన్యాన, ఫ్లింట్ హిల్స్ అనే గడ్డి గుట్టల మధ్య ఉన్న చిన్న ఊరు. 1863లో మొదలైన వ్యవసాయ కాలేజీ అది. గోధుమ, జొన్న, పశువులు, ఇవే దాని పేరు. మనవాళ్ళకి ఆ పేరు కొత్తదేం కాదు. 1964లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు అమెరికా ప్రభుత్వ సాయం కింద దానికి అండగా నిలిచింది కాన్సాస్ స్టేటే. అందుకే రాజేంద్రనగర్ పాతకాలపు ప్రొఫెసర్ల నోట మన్‌హటన్ మాట వినిపించేది. నేను అక్కడికి ఎమ్మెస్ చెయ్యడానికి వెళ్ళింది 2003 ఆగస్టులో. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు 1988కి వెళ్ళాలి.

ఆ ఏడాది నాటికి కాన్సాస్ స్టేట్ ఫుట్‌బాల్ చరిత్ర మొత్తం 299 గెలుపులు, 510 ఓటములు, 41 డ్రాలు. పై స్థాయి జట్లలో 500 ఓటముల గీత మొదట దాటింది ఈ జట్టే. స్నైడర్ కంటే ముందున్న కోచ్ మూడు సీజన్లలో రెండు ఆటలు గెలిచి 30 ఓడిపోయాడు. 1986 అక్టోబరు తర్వాత ఒక్క ఆట కూడా గెలవలేదు. 27 ఆటలు వరసగా, మధ్యలో ఒకే ఒక్క డ్రా. సీజన్ తర్వాత మంచి జట్లని పిలిచి ఆడించే బౌల్ ఆటలకి దాని చరిత్ర మొత్తంలో ఒకే ఒక్కసారి, 1982లో పిలుపొచ్చింది. అదీ ఓడిపోయింది. దేశంలోనే పేరున్న క్రీడా పత్రిక ఒకటి 1989 సెప్టెంబరులో అమెరికాలోకెల్లా చెత్త జట్టు ఇదేనంటూ పెద్ద వ్యాసం వేసింది. దీన్ని కాన్ఫరెన్స్ నుంచి బయటికి పంపేస్తే పోతుందన్న మాటలు కూడా వినిపించేవి. అదే జరిగితే పోయేది ఒక్క ఫుట్‌బాలే కాదు. టీవీ డబ్బు, పూర్వవిద్యార్థుల విరాళాలు, కొత్తగా చేరే పిల్లల సంఖ్య అన్నీ దానికే ముడిపడి ఉంటాయి. అప్పటి యూనివర్సిటీ ప్రెసిడెంట్ జాన్ వెఫాల్డ్ ఫుట్‌బాల్‌ని బాగుచెయ్యాలని పట్టుబట్టింది అందుకే.

అలాంటి చోటికి 49 ఏళ్ళ వయసులో, అంతవరకూ ఏ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకీ హెడ్ కోచ్‌గా చెయ్యని మనిషి వచ్చాడు. స్నైడర్ పెరిగింది మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ జోసెఫ్‌లో. అమ్మానాన్నలు చిన్నప్పుడే విడిపోతే, తల్లి ఉద్యోగం చేసి ఒంటరిగా పెంచింది. కాలిఫోర్నియా హైస్కూళ్ళలో, టెక్సస్‌లో ఒక చిన్న కాలేజీలో పనిచేసి, చివరికి హేడెన్ ఫ్రై అనే కోచ్ దగ్గర కుదురుకున్నాడు. ఆయనతోపాటే నార్త్ టెక్సస్ నుంచి 1979లో అయోవాకి వెళ్ళాడు. ఆ అయోవా కూడా అప్పటికి ఏళ్ళ తరబడి ఓడిపోతున్న జట్టే. మూడో ఏడాదికల్లా దాన్ని రోజ్ బౌల్‌కి తీసుకెళ్ళారు. అంటే పడిపోయిన జట్టుని ఎలా లేపాలో పక్కనుండి చూసి, చేత్తో చేసి నేర్చుకున్నవాడే. ఉద్యోగంలో చేరేటప్పుడు ఆయనన్న మాట ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారు: కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికంటే పెద్ద మలుపుకి అవకాశం ఇక్కడే ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు అని. అప్పట్లో దాన్ని నమ్మినవాళ్ళు ఎంతమంది ఉంటారో నేను ఊహించగలను.

మొదటి మూడు ఆటలూ ఓడిపోయారు. నాలుగోది 1989 సెప్టెంబరు 30న, తను ఒకప్పుడు పనిచేసిన నార్త్ టెక్సస్‌తోనే. ఆఖరి బంతికి టచ్‌డౌన్ పాస్, అంటే విసిరిన బంతిని ఎదుటి జట్టు చివరి గీత దాటించడం. 20-17. ఆ ఏడాది మొత్తానికి అదొక్కటే గెలుపు. 1-10. తర్వాతి ఏడాది ఐదు గెలిచారు, ఆ పై ఏడాది ఏడు, మళ్ళీ ఐదు. 1993లో తొమ్మిది గెలిచి, కాపర్ బౌల్‌లో వయోమింగ్‌ని 52-17తో కొట్టి, యూనివర్సిటీ చరిత్రలో మొదటి బౌల్ గెలుపు అందుకున్నారు. ఐదేళ్ళు పట్టింది. నా దృష్టిలో ఆయన కెరీర్ మొత్తంలో అన్నిటికంటే గొప్ప భాగం ఈ ఐదేళ్ళే. విచిత్రమేమిటంటే టీవీలో స్నైడర్ గురించి మాట్లాడేటప్పుడు దీని మీద ఒక్క వాక్యం చెప్పి 1998కి దూకేస్తారు.

ఏం చేశాడు ఆ ఐదేళ్ళలో? మంత్రమేం లేదు. జట్టుకి కొత్త లోగో కావాలన్నాడు. యూనివర్సిటీలోనే ఆర్ట్ చెప్పే టామ్ బుక్‌వాల్టర్ వేసిన పవర్‌క్యాట్ బొమ్మ హెల్మెట్ల మీదకి ఎక్కింది. ఇప్పుడు కాన్సాస్‌లో ఆ ఊదారంగు పిల్లి తల లేని పికప్ ట్రక్కు దొరకడం కష్టం. పాత ఓటముల వాసన ఆటగాళ్ళకి తగలకుండా చెయ్యాలన్నది దాని వెనకున్న ఆలోచన. గోడల మీద 16 లక్ష్యాలు రాయించాడు. పట్టుదల, స్వార్థం లేకపోవడం, ఐకమత్యం, రోజూ కొంచెం మెరుగుపడటం, తప్పులు తగ్గించుకోవడం, ఓటమికి అలవాటు పడకపోవడం, నిలకడ, బాధ్యత, ఇలా సాగుతుంది ఆ జాబితా. గెలుస్తామనే నమ్మకంతో దిగాలని అందులో ఉంది కానీ ఎన్ని గెలవాలో ఎక్కడా లేదు. 1-10 సీజన్ నడుస్తున్నప్పుడు కూడా ఆయన ప్రాక్టీసు ఇదే పద్ధతిలో నడిపాడు. నిన్నటి కంటే ఇవాళ మెరుగయ్యావా లేదా, అంతే లెక్క. వినడానికి ఇది చాలా మామూలుగా ఉంటుంది. కానీ వరసగా ఓడిపోతున్న కుర్రాళ్ళకి ప్రతి సోమవారం ఇదే మాట చెప్పి, వాళ్ళు దాన్ని నమ్మేలా చెయ్యడం మామూలు పని కాదు.

ఆటగాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారన్నది అసలు విషయం. స్టార్ల పిల్లలు రారు కాబట్టి, రెండేళ్ళ జూనియర్ కాలేజీల వైపు చూశాడు. మార్కులు చాలకో, హైస్కూల్లో ఎవరి కంటా పడకో ఆగిపోయిన కుర్రాళ్ళు అక్కడ ఉంటారు. కాన్సాస్ నిండా అలాంటి కాలేజీలు ఉన్నాయి, హచిన్సన్, కాఫీవిల్, బట్లర్, గార్డెన్ సిటీ. మైకేల్ బిషప్ టెక్సస్‌లోని బ్లిన్ జూనియర్ కాలేజీ నుంచి వచ్చాడు. 1998లో హైస్మన్ ట్రోఫీ, అంటే దేశంలో ఉత్తమ ఆటగాడి ట్రోఫీ, అతనికి ఒక్క మెట్టు దూరంలో పోయింది. రెండో దారి వాక్-ఆన్లు. స్కాలర్‌షిప్ లేకుండా, ఫీజు తామే కట్టుకుని, జట్టులో చోటు దొరికితే చాలని వచ్చే ఊరి పిల్లలు. జోర్డీ నెల్సన్ మన్‌హటన్ పక్కనే లియోనార్డ్‌విల్ దగ్గర పొలం పనులు చేసుకునే ఇంట్లో పుట్టిన కుర్రాడు. వాక్-ఆన్‌గా చేరాడు. తర్వాత గ్రీన్ బే ప్యాకర్స్ తరఫున 2011 ఫిబ్రవరిలో ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచిన జట్టులో తొమ్మిది క్యాచ్‌లు పట్టాడు. పక్క ఊళ్ళో ఉన్న అలాంటి కుర్రాడికి స్కాలర్‌షిప్ ఇచ్చి తీసుకెళ్ళాలని ఏ పెద్ద కాలేజీకీ తోచలేదు.

ఇక్కడే బావతో నా తగువు మొదలవుతుంది. మన దగ్గర కార్పొరేట్ కాలేజీలు పదో తరగతిలోనే మెరికల్లాంటి పిల్లల్ని ఏరి, ఫీజు మాఫీ చేసి, ప్రత్యేక బ్యాచిలో కూర్చోబెట్టి, ఫలితాల రోజున వాళ్ళ ఫోటోలతో పేపరు నిండా ప్రకటనలేస్తాయి. ఆ ర్యాంకులు అబద్ధం కావు. పాఠం చెప్పినవాళ్ళూ బాగానే చెప్పి ఉంటారు. కానీ సగం మంది ఇంటర్ తప్పే మండలం జూనియర్ కాలేజీలో అందర్నీ గట్టెక్కించిన లెక్చరర్‌ని పట్టుకుని, ఆ ప్రకటన చూపించి, 'మరి మీ ర్యాంకు ఏది?' అని అడిగితే అది న్యాయమేనా? సేబన్‌ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. 2007లో ఆయన చేరేముందు అలబామా కూడా 6-7తో నీరసంగా ఉంది. అంత పని చేసే కోచ్‌లు అరుదు. కానీ ఆయన చేరేనాటికే అలబామా తనవని చెప్పుకునే జాతీయ టైటిళ్ళు 12. ఆయన తలుపు తడితే ఏ తల్లిదండ్రులైనా లోపలికి పిలుస్తారు. స్నైడర్ 1989లో తలుపు తడితే కాన్సాస్ స్టేట్ ఎక్కడుందని అడిగేవాళ్ళు.

బావ దగ్గర ఒక గట్టి వాదన ఉంది, దాన్ని దాటెయ్యకూడదు. స్నైడర్ తేలికైన జట్లని ఎంచుకుని ఆడేవాడు. కాన్ఫరెన్స్ బయటి ఆటల్లో ఎవరితో ఆడాలో కాలేజీయే తేల్చుకోవచ్చు. 1998లో ఇండియానా స్టేట్‌ని 66-0, నార్దర్న్ ఇల్లినాయిని 73-7, ఈశాన్య లూసియానాని 62-7 కొట్టారు. ఇవి పోటీలు కావు. నిజమే. కావాలనే చేశాడు. ఓడిపోవడం తప్ప ఏమీ తెలియని చోట గెలవడం అలవాటు చెయ్యాలంటే ముందు గెలవగలిగే ఆటలు కావాలన్నది ఆయన లెక్క. 1990లో ఆ లెక్క సరైనదే. 1998 నాటికి కూడా అదే కొనసాగించడం తప్పని నా అభిప్రాయం. అప్పటికి ఆ జట్టు ఎవరితోనైనా ఆడగలదు. ఆ షెడ్యూల్‌కి ఆ ఏడాది చివర చాలా పెద్ద ధర కట్టుకున్నారు.

ఆ 1998 గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. నవంబరు 14న మన్‌హటన్‌లో నెబ్రాస్కాని 40-30తో ఓడించారు. అంతకు ముందు 29 ఏళ్ళు వరసగా ఆ జట్టు చేతిలో ఓడిపోతూనే ఉన్నారు. ఆ నెలలోనే చరిత్రలో మొదటిసారి నంబర్ వన్ ర్యాంకు వచ్చింది. సీజన్ 11-0తో ముగిసింది. డిసెంబరు 5న సెయింట్ లూయిస్‌లో కాన్ఫరెన్స్ ఫైనల్, ఎదుట టెక్సస్ ఎ అండ్ ఎం. అదే రోజు టైటిల్ ఆట కోసం పోటీలో ఉన్న యూసీఎల్‌ఏ మయామీ చేతిలో ఓడిపోయింది. అంటే ఈ ఒక్క ఆట గెలిస్తే జాతీయ టైటిల్ ఆటకి వెళ్ళిపోయినట్టే, ఆ సంగతి స్టేడియంలో అందరికీ తెలిసిపోయింది. నాలుగో క్వార్టర్‌లో 27-12 ఆధిక్యం. పదిహేను పాయింట్లు. అక్కడి నుంచి ఎ అండ్ ఎం 27-27 చేసింది. ఆఖరి క్షణంలో బిషప్ బలమంతా పెట్టి విసిరిన పొడుగు పాస్‌ని ఎవరెట్ బర్నెట్ పట్టుకున్నాడు. గీతకి రెండు గజాల దూరంలో పడగొట్టేశారు. టైమ్ అయిపోయింది. రెండో అదనపు సమయంలో సర్ పార్కర్ అనే ఎ అండ్ ఎం కుర్రాడు 32 గజాల పాస్ పట్టుకుని అంచుకి చేరాడు. 36-33. నేను ఆ ఆట అప్పట్లో చూడలేదు. తర్వాత పాత రికార్డింగు చూశాను. ఆ రెండు గజాలు ఇప్పటికీ కష్టంగానే ఉంటాయి.

దాని తర్వాత జరిగింది ఇంకా అన్యాయం. ర్యాంకింగుల్లో మూడో స్థానంలో ఉన్నా పెద్ద బౌల్స్ ఏవీ పిలవలేదు. ఎనిమిదో స్థానంలో ఉన్న ఫ్లోరిడాని పిలిచారు. టికెట్లు ఎక్కువ అమ్ముడుపోతాయి, టీవీలో ఎక్కువ మంది చూస్తారు. పైగా ఆ తేలిక షెడ్యూల్ ఒకటి అందరి నోళ్ళలో ఉంది. కాన్సాస్ స్టేట్ అలామో బౌల్‌కి వెళ్ళి, డ్రూ బ్రీస్ ఆడుతున్న పర్డ్యూ చేతిలో 37-34తో ఓడింది. ఆ మరుసటి ఏడాది నుంచి మూడో ర్యాంకు జట్టుకి చోటు ఖాయం చేస్తూ నిబంధన మార్చారు. జనం దాన్ని కాన్సాస్ స్టేట్ రూల్ అని పిలిచేవాళ్ళు. పదేళ్ళ కిందట కాన్ఫరెన్స్ నుంచి గెంటేద్దామనుకున్న జట్టు పేరు మీద దేశం మొత్తానికి ఒక నిబంధన వచ్చింది. 1997 నుంచి 2003 దాకా ఏడేళ్ళలో ఆరుసార్లు 11 ఆటలు గెలిచారు. బావకి నేను ఎప్పుడూ చూపించే అంకె ఇదే.

నేను వెళ్ళిన 2003 సీజన్ మొదట్లో అంతా కంగాళీ. సెప్టెంబరులో సొంత ఊళ్ళోనే మార్షల్ అనే చిన్న జట్టు చేతిలో ఓడారు. వెంటనే టెక్సస్‌తో, ఓక్లహోమా స్టేట్‌తో. వరసగా మూడు. మా అపార్టుమెంటు కింది వాటాలో ఉండే కాన్సాస్ కుర్రాడు, గోధుమ రైతుల ఇంటివాడు, నాకు ఆట నేర్పుతుండేవాడు. ఆ మూడో ఓటమి తర్వాత అతను నిరాశపడతాడనుకున్నాను. "కోచ్ ఉన్నాడుగా, చూస్తూ ఉండు," అన్నాడు. అక్కడ ఎవరూ స్నైడర్ అని కూడా అనరు, కోచ్ అంటే ఆయనే. ఆ తర్వాత వరసగా ఏడు గెలిచారు. ఏడోది డిసెంబరు 6న, కాన్సాస్ సిటీలోని ఆరోహెడ్ స్టేడియంలో, నంబర్ వన్ ఓక్లహోమాతో. ఓక్లహోమా అప్పటిదాకా ఆ సీజన్లో ఒక్క ఆటా ఓడలేదు. అందరి కాలంలోనూ గొప్ప జట్లలో ఒకటని టీవీలో వారాల తరబడి పొగుడుతున్నారు. దాని కోచ్ బాబ్ స్టూప్స్ ఎవరనుకున్నారు? 1989లో స్నైడర్‌తోపాటే మన్‌హటన్ వచ్చి ఏడేళ్ళు ఆయన కింద పనిచేసినవాడు.

మొదటి టచ్‌డౌన్ ఓక్లహోమాదే. మా గదిలో చేరిన నలుగురం చల్లబడిపోయాం. తర్వాత 35 పాయింట్లు వరసగా కాన్సాస్ స్టేటే చేసింది. డారెన్ స్ప్రోల్స్ ఆ రాత్రి 235 గజాలు పరిగెత్తాడు. అయిదున్నర అడుగుల కుర్రాడు, కాన్సాస్ సిటీ పక్కనే ఒలేథా ఊరివాడు. ఇంత పొట్టివాడు ఏం ఆడతాడనిపించేది. రెండేసి రెట్లున్న మనుషుల మధ్యలోకి వెళ్ళి మాయమైపోయేవాడు. వాళ్ళు వెతుక్కునే లోపల అవతలి వైపు నుంచి బయటికొచ్చేవాడు. 35-7. కాన్సాస్ స్టేట్‌కి 1934 తర్వాత మొదటి కాన్ఫరెన్స్ టైటిల్. ఆ రాత్రి మా వీధిలో త్వరగా పడుకున్నవాళ్ళు లేరు. అప్పటికి ఆట నాకు సగమే అర్థమవుతోంది కానీ, 69 ఏళ్ళు ఎదురుచూసిన ఊరు ఎలా ఉంటుందో బాగానే అర్థమైంది.

బావకి చెప్పాల్సింది ఇంకొకటి ఇక్కడుంది. ఆ ఓక్లహోమా అంత ఘోరంగా ఓడినా కంప్యూటర్ లెక్కల పుణ్యమా అని నంబర్ వన్‌గానే మిగిలింది. జాతీయ టైటిల్ ఆటకి వెళ్ళింది. అక్కడ దాన్ని 21-14తో ఓడించి మొదటి టైటిల్ అందుకున్న కోచ్ ఎవరంటే, అప్పుడు ఎల్‌ఎస్‌యూలో ఉన్న నిక్ సేబన్. నెల కిందట అదే జట్టుని 28 పాయింట్ల తేడాతో చిత్తు చేసిన స్నైడర్ ఖాతాలో దానికి జాతీయ టైటిల్ ఏమీ రాదు. టైటిళ్ళు లెక్కపెట్టి మనిషిని తూచడం ఎంత వంకరగా ఉంటుందో చూపడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. (ఆ సీజన్ చివర ఫియెస్టా బౌల్ అనే వేరే ఆటలో స్నైడర్ జట్టు ఒహాయో స్టేట్ చేతిలో 35-28తో ఓడిన మాట కూడా నిజమే. బావ చెప్పేలోపు నేనే చెప్పేస్తున్నాను.)

2004, 2005 బాగా సాగలేదు. 2005 చివర్లో కుటుంబంతో గడపాలని చెప్పి తప్పుకున్నాడు. అప్పటికి 136 గెలుపులు. స్టేడియానికి ఆయన పేరు పెడతామంటే, తన ఒక్కడి పేరు కాదు, కుటుంబం అన్న మాట కూడా ఉండాలన్నాడు. ఇప్పటికీ దాని పేరు బిల్ స్నైడర్ ఫ్యామిలీ స్టేడియం. ఆయన వెళ్ళాక జట్టు మళ్ళీ జారింది. మూడు సీజన్ల తర్వాత, 69 ఏళ్ళ వయసులో మళ్ళీ ఆయన్నే పిలిచారు. 2012 నవంబరులో మళ్ళీ నంబర్ వన్ దాకా వెళ్ళి, బేలర్ చేతిలో 52-24తో ఓడిపోయినా, ఆ ఏడాది రెండో కాన్ఫరెన్స్ టైటిల్ గెలిచారు. 2017 మొదట్లో గొంతు క్యాన్సర్‌కి చికిత్స చేయించుకుని, ఆ ఏడాది సీజన్ కూడా నడిపాడు. 2018 డిసెంబరులో శాశ్వతంగా తప్పుకున్నాడు. ఆ రోజుకి కాన్సాస్ స్టేట్ మొత్తం చరిత్రలోని గెలుపుల్లో పదింట నాలుగు ఆయనవే.

ఉత్తరాల గురించి చెప్పకుండా ఉండలేను. స్నైడర్ ఊదా సిరాతో, చేతిరాతతో ఉత్తరాలు రాసేవాడు. తన ఆటగాళ్ళకే కాదు, ఎదుటి జట్టు కుర్రాళ్ళకి కూడా. బాగా ఆడినవాడికి, గాయపడి స్ట్రెచర్ మీద వెళ్ళినవాడికి, తన జట్టుని ఓడించినవాడికి కూడా. అవి అందుకున్న పిల్లలు ఫోటో తీసి నెట్‌లో పెట్టేవాళ్ళు. వాలుగా సాగే అక్షరాలు, పైన పవర్‌క్యాట్ ముద్ర, నీ ఆట చూడటం నాకు సంతోషంగా ఉంది, త్వరగా కోలుకోవాలి అన్న ధోరణిలో నాలుగైదు వరసలు. ఓడిపోయిన రాత్రి ఎదుటి జట్టులోని ఇరవై ఏళ్ళ కుర్రాడికి కలం పట్టుకుని ఉత్తరం రాసే ఓపిక నాకైతే ఉండదు.

కానీ ఆ పనితీరుకి మరో ముఖం ఉంది. అర్ధరాత్రి దాకా ఆఫీసులోనే. టైమ్ వృథా అవుతుందని రోజుకి ఒకే పూట, అదీ రాత్రి పొద్దుపోయాక తినేవాడు. పిల్లలతో ఉండాల్సినంత ఉండలేదని ఆయనే బాహాటంగా బాధపడ్డాడు. అభిమానులు ఈ కథని త్యాగంలాగా చెప్పుకుంటారు. నాకది నచ్చదు. ఒక ఊరు గెలవడానికి ఎవరో పిల్లలు తండ్రికి దూరంగా పెరిగారు. అది మెచ్చుకోవాల్సిన విషయం కాదు.

2017లో జరిగినది ఇంకా ఘోరం. రెండో ఏడాది చదువుతున్న ఒక ఆటగాడు వేరే కాలేజీకి మారతానని 35 కాలేజీల జాబితా ఇచ్చాడు. అప్పటి నిబంధనల ప్రకారం పాత కాలేజీ ఒప్పుకోకపోతే కొత్త చోట స్కాలర్‌షిప్ రాదు. కాన్సాస్ స్టేట్ ఒక్కదానికి కూడా ఒప్పుకోలేదు. పైగా స్నైడర్ విలేకరుల ముందు ఆ కుర్రాడు రెండుసార్లు డ్రగ్ పరీక్షలో పట్టుబడ్డాడని చెప్పేశాడు. దేశమంతా దుమ్మెత్తిపోశాక కుర్రాణ్ణి వదిలారు, స్నైడర్ క్షమాపణ చెప్పాడు. కానీ పరాయి జట్టు పిల్లలకి ఉత్తరాలు రాసే మనిషి తన దగ్గర ఉన్న కుర్రాడి పరువు అలా బజార్లో పెట్టడాన్ని నేను ఎప్పటికీ సమర్థించలేను. జట్టే కుటుంబం అని నమ్మే పెద్దమనిషి, వెళ్ళిపోతానన్నవాణ్ణి ద్రోహిలా చూడటం మొదలుపెడితే ఇలాగే అవుతుంది. తన తర్వాత కొడుకు షాన్‌కే ఆ కుర్చీ దక్కాలని పట్టుబట్టడంలోనూ నాకు ఇదే కనిపిస్తుంది. యూనివర్సిటీ ఒప్పుకోలేదు. మంచి పనే చేసింది.

ఇప్పుడు ఆటగాళ్ళు ఏటా అందుకు కేటాయించిన రోజుల్లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు పెట్టుకుని మారిపోవచ్చు. 2021 నుంచి తమ పేరు మీద డబ్బు కూడా సంపాదించుకోవచ్చు. అది న్యాయమే, ఎప్పుడో రావాల్సింది. 2023లో 3-9గా ఉన్న ఇండియానా, కొత్త కోచ్ కర్ట్ సిగ్నెటీ తన పాత జట్టు ఆటగాళ్ళని వెంటబెట్టుకుని రావడంతో 2024లో 11-2 అయి ప్లేఆఫ్ ఆడింది. ఒక్క ఏడాదిలో. అది చూశాక బావ ఫోన్ చేసి, "మీ స్నైడర్ ఐదేళ్ళలో చేసింది ఈయన తొమ్మిది నెలల్లో చేశాడు, ఇప్పుడేమంటావు?" అన్నాడు. సిగ్నెటీ గొప్పవాడే అంటాను. కానీ ఆయన గెలవడం తెలిసిన ఆటగాళ్ళని తెచ్చుకున్నాడు. స్నైడర్‌కి దొరికింది ఓడిపోవడం ఒక్కటే తెలిసినవాళ్ళు. వాళ్ళకే నేర్పాడు.

ఒకాయన వెళ్ళిపోగానే కూలిపోతే అది కట్టడం కాదని బావ అంటాడు. 2006లో అలాగే అయింది, ఒప్పుకుంటాను. రెండోసారి అలా కాలేదు. నార్త్ డకోటా స్టేట్ నుంచి క్రిస్ క్లైమన్ వచ్చాడు, స్నైడర్ వదిలిన పద్ధతులు చాలావరకు ఉంచుకున్నాడు. 2022 డిసెంబరులో, టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో, అప్పటిదాకా ఓటమి ఎరగని టీసీయూని అదనపు సమయంలో 31-28తో ఓడించి కాన్ఫరెన్స్ టైటిల్ తెచ్చాడు. ఆ జట్టు దాడి మొత్తం నడిపిన కోచ్ కాలిన్ క్లైన్. 2012లో స్నైడర్ రెండో టైటిల్ గెలిచినప్పుడు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని దాడి నడిపించే ఆటగాడు, అతనే. ఆ ఆట బావ కూడా చూశాడు. మర్నాడు ఫోన్లో స్నైడర్ ఊసెత్తలేదు కానీ, ఆ క్లైన్ ఎవరు, ఎక్కడ నేర్చుకున్నాడు అని అడిగాడు.